112 కొట్టాలా, స్టేషన్‌కు చేయాలా: తేల్చుకోవడం ఎలా?

బ్రిటన్‌లో పోలీసులకు రెండు నంబర్లుంటాయి. ప్రాణం మీదికి వస్తే 999, కాస్త ఆగినా ఫరవాలేదనుకుంటే 101. అమెరికాలో కూడా 911 కాకుండా మామూలు పనులకు ఊరి పోలీసుల నంబరు ఇంకొకటి ఉంటుంది. మన దగ్గర అలా దేశమంతటికీ కలిపి ఒక మామూలు పోలీసు నంబరు లేదు. లండన్‌లో ఉన్న కొడుకు చెప్పాడని ఒంగోలులో 101 కొడితే ఫైర్ స్టేషన్ వాళ్లు పలుకుతారు.

నంబరు ఒకటి లేకపోయినా దారులు చాలానే ఉన్నాయి. మీ స్టేషన్ నంబరు ఉంది, సైబర్ మోసాలకు 1930 ఉంది, హైవేకి 1033 ఉంది, ఎస్పీ ఆఫీసులో సోమవారం అర్జీలు ఉన్నాయి. ఏది దేనికో తెలియక మనవాళ్లు రెండు రకాలుగా దెబ్బతింటున్నారు. పాన్ కార్డు పోయిందని అత్యవసర నంబరు 112 కొట్టేవాళ్లు కొందరు. పక్కింట్లో ఆడమనిషి కేకలు వినపడుతున్నా "తెల్లారినాక చూద్దాంలే" అని తలుపేసుకునేవాళ్లు ఇంకొందరు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోవాళ్ల సంగతే. అందుకే నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు పనికొచ్చేలా ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి

ఫోన్ చేతిలోకి తీసుకోగానే మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇదే: పోలీసు బండి ఇప్పుడే బయలుదేరి వస్తే, జరుగుతున్నది ఆగుతుందా? ఒక మనిషికి దెబ్బ తగలకుండా ఉంటుందా, ఒక దొంగ తప్పించుకోకుండా ఉంటాడా? అవుననిపిస్తే 112. బండి ఇప్పుడొచ్చినా, సాయంత్రం వచ్చినా ఒకటే అనిపిస్తే స్టేషన్.

పోయింది పెద్దదా చిన్నదా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. మనవాళ్లు చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. పది సవర్ల బంగారం బీరువాలో నుంచి ఎప్పుడు పోయిందో తెలియదు, పెళ్లికి తీద్దామని చూస్తే లేదు. ఎంత గుండె కోతైనా అది స్టేషన్‌కు వెళ్లి రాసిచ్చే పని. అదే అర్ధరాత్రి మీ వీధిలో ఎవడో ఒక్కొక్క బైకు తాళం కదిపి చూస్తున్నాడు, ఇంకా ఏమీ పోలేదు. అది 112 పని. వాడు ఇప్పుడు అక్కడ ఉన్నాడు, బండి వస్తే దొరుకుతాడు.

ఊరి నుంచి వచ్చి చూస్తే తలుపు తాళం పగలగొట్టి ఉందనుకోండి. లోపల ఎవరూ లేరని మీకు తెలియదు కదా. లోపలికి అడుగు పెట్టకండి. వెనక్కి వచ్చి రోడ్డు మీద నిలబడి 112 చేయండి. పోలీసులు వచ్చేదాకా తలుపు గడియ, బీరువా హ్యాండిల్ దేన్నీ ముట్టుకోకండి. క్లూస్ టీమ్ వేలిముద్రలు తీయాల్సింది వాటి మీదే. ఇల్లంతా చిందరవందరగా ఉందని సర్దేసి, తర్వాత పోలీసులకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువమంది. మనసు ఆగదు, అర్థమవుతుంది. కానీ సర్దిన ఇంట్లో ఆధారం మిగలదు.

ఎటూ తేలక టెన్షన్‌గా ఉంటే 112కే చేయండి. అత్యవసరం కాదని వాళ్లకు అనిపిస్తే ఎక్కడికి చేయాలో వాళ్లే చెబుతారు. అనుమానంతో, మంచి మనసుతో చేసిన ఫోన్‌కు ఎవరూ కేసు పెట్టరు. ఆకతాయితనంగా, ఒకరిని ఇరికించాలని తెలిసి తెలిసి అబద్ధపు సమాచారం ఇస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పొరపాటున 112 నొక్కుకుపోతే భయపడి కట్ చేయకండి. "పొరపాటున నొక్కుకుపోయింది సార్, ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పి పెట్టేయండి. చెప్పకుండా పెట్టేస్తే వాళ్లు తిరిగి మీకే చేయాల్సి వస్తుంది.

112కి చేసినప్పుడు ఏం మాట్లాడాలి

112 ఎత్తేది మీ ఊరి స్టేషన్ కాదు. రాష్ట్రం మొత్తానికి ఉన్న కంట్రోల్ రూమ్ నుంచి మాట్లాడతారు. వాళ్లు అక్కడ కూర్చుని మీ దగ్గర్లో ఉన్న బండిని పంపిస్తారు. పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ ఈ నంబరే పనిచేస్తుంది. పాత 100, 101, 108 అలవాటు ఉన్నవాళ్లు అవే కొట్టినా ఇబ్బంది లేదు.

అవతలివాళ్లు దూరంగా ఉన్నారన్న సంగతి గుర్తుంటే సగం పని అయినట్టే. "సార్, సంతపేటలో గొడవ" అంటే వాళ్లకు ఏ సంతపేటని అర్థం కావాలి? నెల్లూరులో ఒక సంతపేట ఉంది, ఒంగోలులో ఒకటి ఉంది. అందుకని మొదట ఊరు, మండలం చెప్పండి. తర్వాత అందరికీ తెలిసిన గుర్తు. ఆ తర్వాతే ఏం జరుగుతోందో. ఫోన్ సిగ్నల్‌ను బట్టి మీరున్న చోటు వాళ్లకు సుమారుగా తెలిసే ఏర్పాటు ఉంది గానీ, దాన్నే నమ్ముకుని చోటు చెప్పకుండా ఉండకండి.

ఇలా మాట్లాడితే చాలు:

"సార్, నెల్లూరు టౌన్, మినీ బైపాస్, అయ్యప్ప గుడి సెంటర్ దగ్గర. ఇద్దరు ఒకతన్ని కర్రలతో కొడుతున్నారు. ఇప్పుడే, నా కళ్ల ముందే. కత్తులు కనపడలేదు. అతనికి తల పగిలింది, అంబులెన్స్ కూడా కావాలి. నేను రోడ్డుకి ఇవతల మందుల షాపు ముందు ఉన్నా."

ఊరు, గుర్తు, జరుగుతున్నది, ఆయుధం ఉందా లేదా, దెబ్బలు, మీరెక్కడున్నారు. గొడవ ఎందుకు మొదలైంది, ఎవరు ఎవరి బావమరిది, పోయిన ఏడాది ఏం జరిగింది, ఇవన్నీ తర్వాత. వాళ్లు ప్రశ్నలు అడుగుతుంటే "ముందు బండి పంపండి" అని విసుక్కోకండి. మీరు చెప్పేదాన్ని బట్టే ఎంతమంది రావాలో తేలుతుంది.

తర్వాత తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తుంది. అది మీ దగ్గరికి బయలుదేరిన బండిలోని కానిస్టేబుల్ కావచ్చు. ఎత్తండి. ఆ పది నిమిషాలూ బంధువులందరికీ ఫోన్లు చేస్తూ లైన్ బిజీగా పెట్టుకోకండి. చేతనైతే ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టండి, బండి సందు వెతుక్కోకుండా వస్తుంది.

మాట్లాడే వీలు లేనప్పుడు స్మార్ట్‌ఫోన్ పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే, బటన్ల ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉంది. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో ముందే ఆన్ చేసుకోవాలి. ఆడపిల్లల ఫోనులో శక్తి యాప్ కూడా పెట్టి ఉంచండి. 2025 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన యాప్ అది. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవర్ ఉంటే 112 దాని మీదుగా పోతుంది. ఉదయగిరి కొండల వైపు, యర్రగొండపాలెం అడవి దారుల్లో తిరిగేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి.

మీ స్టేషన్ నంబరు ఈ రోజే సంపాదించండి

అత్యవసరం కాని నంబరు అంటే మనకు అసలు ఇదే. మీ ఇల్లు ఏ స్టేషన్ కిందికి వస్తుందో చాలామందికి తెలియదు. నెల్లూరులో దర్గామిట్ట, వేదాయపాళెం, బాలాజీనగర్, ఒంగోలులో వన్‌టౌన్, టూటౌన్, తాలూకా... వీధి మారితే స్టేషన్ మారిపోతుంది. ఒకసారి దారిలో ఆగి స్టేషన్ బోర్డు మీద ఉన్న నంబర్లను ఫోటో తీసుకోండి. ఎస్సై గారి సెల్ నంబరు చాలావరకు ప్రభుత్వం ఇచ్చింది, ఆ కుర్చీలోకి ఎవరొచ్చినా అదే నంబరు. ల్యాండ్ లైన్ కూడా రాసుకోండి. "పోలీస్ స్టేషన్" అని సేవ్ చేసి, ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులోనూ పెట్టండి.

ఈ నంబరుకు చేయాల్సినవి ఇలాంటివి: రెండు రోజులుగా వీధిలో నిలిపి ఉన్న ఎవరిదో తెలియని కారు. ఖాళీ ఇంట్లో రాత్రిపూట పేకాట. పార్కులో రోజూ చీకటి పడగానే మందు తాగి గోల చేసేవాళ్లు. రాత్రి పది దాటాక కూడా ఆగని డీజే, ఎందుకంటే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు పెట్టకూడదన్నది 2000 సంవత్సరం నుంచి ఉన్న నిబంధన. బీట్ కానిస్టేబుల్‌ను పంపమని మర్యాదగా అడగండి. డీజే ఆపమన్న పెద్దాయన మీద కుర్రాళ్లు తిరగబడుతున్నారంటే మాత్రం స్టేషన్ నంబరు వదిలేసి 112కి మారిపోండి. మామూలు సంగతి అత్యవసరంగా మారడానికి నిమిషం పట్టదు.

ఇంటికి తాళం వేసి తిరుమలకో, పెళ్లికో పోతున్నప్పుడు కూడా ముందుగా స్టేషన్‌లో చెప్పండి. తాళం వేసిన ఇళ్ల మీద కన్నేసి ఉంచే ఎల్‌హెచ్ఎంఎస్ అనే పద్ధతి మన రాష్ట్ర పోలీసుల దగ్గర ఉంది. ఇంట్లో కెమెరా పెట్టి, ఎవరైనా చొరబడితే కంట్రోల్ రూమ్‌కు తెలిసేలా చేస్తారు. సంక్రాంతి ముందు అడిగేవాళ్లు ఎక్కువ, అందుకే నాలుగు రోజుల ముందే అడగండి. కెమెరా దొరక్కపోయినా మీ ఇల్లు రాత్రి బీటులో చూడమని అడగవచ్చు.

డబ్బు పోతే: 1930, అదీ వెంటనే

ఇక్కడ లెక్క కాస్త వేరు. సైబర్ మోసం అత్యవసరమే, కానీ 112తో ఆగే అత్యవసరం కాదు. బండి ఎక్కడికి వస్తుంది? దొంగ ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియదు. ఆపాల్సింది మనిషిని కాదు, డబ్బును. దానికి 1930.

మీ ఖాతాలో నుంచి పోయిన డబ్బు మొదట ఒక ఖాతాలోకి, అక్కడి నుంచి ముక్కలై నాలుగైదు ఖాతాల్లోకి, చివరికి ఏటీఎంలోకి పోతుంది. మీరు 1930కి చెప్పిన క్షణం నుంచి బ్యాంకులు ఒకదానికొకటి కబురు పంపుకుని, డబ్బు ఎక్కడ ఉంటే అక్కడ ఆపేస్తాయి. మొదటి గంటలో చేసిన ఫోన్‌కు ఉండే విలువ మర్నాటి ఫోన్‌కు ఉండదు. "పొద్దున్నే బ్యాంకు తెరిచాక మేనేజర్ని అడుగుతా" అని పడుకున్నారంటే డబ్బు మీద ఆశ వదులుకున్నట్టే.

ఫోన్ చేసే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి: మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, మెసేజ్‌లో ఉండే లావాదేవీ నంబరు లేదా యూటీఆర్ నంబరు, అవతలివాడి ఫోన్ నంబరు. లైన్ దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో మీరే నమోదు చేయవచ్చు. ఫోన్‌లో చెప్పినా ఆ వెబ్‌సైట్‌లో వివరాలన్నీ పూర్తి చేసి నంబరు తీసుకోవాలి. తర్వాత స్టేషన్‌కు వెళ్లి కంప్లైంట్ ఇవ్వండి.

వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్ వేసుకుని "మీ పేరు మీద డ్రగ్స్ పార్సిల్ వచ్చింది, కాల్ కట్ చేస్తే అరెస్టు" అని ఎవరైనా బెదిరిస్తే, అది మోసమని చెప్పడానికి ఇంకే రుజువూ అక్కర్లేదు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే చట్టం ఈ దేశంలో లేదు. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు కూడా వీళ్లకు చిక్కుతున్నారు. మర్యాదస్తులు, పోలీసు అనే మాటకే వణికిపోతారు. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ పేరా చదివి వినిపించండి.

ఫోన్ పోయిందా? ముందు సిమ్ బ్లాక్ చేయించండి, బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. తర్వాత స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చి, ఆ కాపీతో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని సీఈఐఆర్ విభాగంలో ఫోన్‌ను బ్లాక్ చేయండి. ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరు దాని పెట్టె మీద ఉంటుంది. పెట్టె పారేసేవాళ్లు ఇప్పుడే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఆ నంబరు రాసుకోండి. లాక్కుపోతుంటే మాత్రం 112.

సర్టిఫికెట్లు, పాసు పుస్తకాలు పోతే కంగారు అవసరం లేదు. స్టేషన్‌లోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టుకుంటే పోయినట్టు పత్రం వస్తుంది.

రోడ్డు మీద

మన రెండు జిల్లాల నడిబొడ్డున 16వ నంబరు జాతీయ రహదారి పోతోంది. వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు టోల్‌గేట్ల మధ్య యాక్సిడెంట్ చూడని డ్రైవర్ ఉండడు. మనుషులకు దెబ్బలు తగిలితే 108 గానీ 112 గానీ. బండి చెడిపోయి ఆగిపోయినా, రోడ్డు మీద గేదె చచ్చి పడి ఉన్నా, లారీ నుంచి ఇనుప కడ్డీలు జారిపడ్డా 1033కి చేయండి. అది హైవే వాళ్ల హెల్ప్‌లైన్, క్రేన్, పెట్రోలింగ్ బండి, అంబులెన్స్ వాళ్ల దగ్గర ఉంటాయి. చోటు చెప్పడానికి దగ్గర్లోని కిలోమీటరు రాయి మీది అంకె, మీరు నెల్లూరు వైపు పోతున్నారా ఒంగోలు వైపా అన్నది చెబితే చాలు. ఈ రెండోది చెప్పకపోతే అంబులెన్స్ అవతలి దారిలో వచ్చి, తిరిగి రావడానికి యూటర్న్ వెతుక్కుంటుంది.

దెబ్బలు తగిలినవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోతే కోర్టుల చుట్టూ తిప్పుతారన్న భయం ఇంకా పోలేదు. మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ మిమ్మల్ని కాపాడుతుంది. మీరు పేరు చెప్పకపోయినా ఎవరూ బలవంతం చేయకూడదు. తీవ్రంగా గాయపడినవాళ్లను మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం రాహ్‌వీర్ పథకం కింద 25,000 రూపాయలు ఇస్తోంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స కూడా ఉంది. కాబట్టి ఆగండి, ఫోన్ చేయండి.

బండ్లకు గీతలు పడి మనుషులకు ఏమీ కాకపోతే 112 వద్దు. ఫోటోలు తీసుకుని, బండ్లు పక్కకు జరిపి, ఇన్సూరెన్స్‌కు కావాలంటే స్టేషన్‌లో చెప్పండి. అవతలివాడు తాగి ఉంటేనో, చేయి చేసుకుంటేనో సంగతి మారుతుంది.

రైల్లో అయితే 139.

ఇంటి నాలుగు గోడల మధ్య

మొగుడూపెళ్లాల గొడవల్లో మనమెందుకు దూరడం అనే మాట మన దగ్గర బలంగా ఉంది. కేక వినపడుతుంటే దూరాల్సిందే. 112కి చేసి "నా పేరు బయటకు రానీయకండి" అని చెప్పండి. కొట్టుడు ఆగిపోయాక, ఆమె తీరిగ్గా మాట్లాడదలిస్తే 181 ఉంది, రాత్రీ పగలూ మహిళల కోసం. మహిళా పోలీస్ స్టేషన్ ఉంది, ఇలాంటి ఆడవాళ్లకు సాయమంతా ఒకేచోట అందించే వన్ స్టాప్ సెంటర్ ఉంది. ఆమె కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆ నిర్ణయం మీరు తీసుకోకండి, నంబర్లు మాత్రం ఇవ్వండి.

చిన్నపిల్లలతో పని చేయిస్తున్నా, కొడుతున్నా, పదిహేనేళ్లకే పెళ్లి ముహూర్తం పెట్టినా 1098. ముహూర్తం రేపే అయితే 112 కూడా. పెద్దవాళ్లను పిల్లలు పట్టించుకోకపోతే 14567. మనసు బాగాలేక, బతుకు మీద విసుగుతో ఉన్నవాళ్లకు టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. పురుగుల మందు డబ్బా చేతిలో పట్టుకున్న మనిషి ఎదురుగా ఉంటే మాత్రం ఆలోచించకుండా 112.

మనిషి కనపడకపోతే

24 గంటలు ఆగాలనే మాట చట్టంలో ఎక్కడా లేదు. సినిమాల వల్లనో ఎవరి వల్లనో జనంలో పాతుకుపోయింది. చిన్నపిల్లలు కనపడకపోతే పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు, పిల్లలు, బెదిరింపులున్న ఆడపిల్లలు కనపడకపోతే వెంటనే 112. ఇటీవలి ఫోటో, వేసుకున్న బట్టల రంగు, చివరిగా చూసిన చోటు సిద్ధంగా ఉంచండి. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ లాంటి జనంలో పిల్లాడు చేయి వదిలితే ముందు అక్కడ డ్యూటీలో ఉన్న పోలీసుల దగ్గరికి పరుగెత్తండి, మైకులో చెప్పిస్తారు.

పెద్ద కొడుకు ఇంట్లో అలిగి హైదరాబాద్ బస్సెక్కాడు, ఫోన్ కూడా ఎత్తి "బాగానే ఉన్నా" అన్నాడు. అది పోలీసుల పని కాదు.

పొలం దగ్గర, గుంటల దగ్గర

రొయ్యల గుంటల మీద మోటార్లు, ఏరియేటర్లు, పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లలోని రాగి తీగ పోవడం మన రైతులకు పెద్ద బెడద. దొంగలు అక్కడుండగా టార్చిలైటు వెలుగు కనపడితే 112. ఒంటరిగా కర్ర పట్టుకుని వెళ్లకండి, మోటారు మళ్లీ కొనుక్కోవచ్చు. పొద్దున చూసుకుంటే లేదంటే స్టేషన్, మోటారు బిల్లు తీసుకుని వెళ్లండి. ట్రాన్స్‌ఫార్మర్ అయితే 1912కి కరెంటు వాళ్లకూ చెప్పాలి. తెగిపడిన తీగ ఉంటే మొదట 1912 చేసి, అటు ఎవరూ పోకుండా మనిషిని కాపలా పెట్టండి.

గట్టు తగాదాలు, సర్వే రాళ్లు, దారి గొడవలు పోలీసులు తేల్చేవి కావు. స్టేషన్‌కు వెళితే "ఇది సివిల్, కోర్టుకు పొండి" అంటారు. ఆ మాట చాలాసార్లు నిజమే. సర్వేకు తహసీల్దార్ ఆఫీసు, హక్కుకు కోర్టు. కానీ రాత్రికి రాత్రి జేసీబీ తెచ్చి గట్టు తవ్వేస్తుంటే, గొడ్డళ్లు లేస్తుంటే అది సివిల్ కాదు. 112కి చేసి "పొలం గొడవ" అనకండి. "గొడ్డళ్లతో ఉన్నారు, ఇప్పుడే కొట్టుకునేలా ఉన్నారు" అనండి.

తుపానులు, వరదలప్పుడు 112తో పాటు 1070, 1800 425 0101 పనిచేస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఎంతమంది మేడల మీద చిక్కుకున్నారో కోవూరు వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. సముద్రంలో పడవ చెడిపోతే కోస్ట్ గార్డ్ 1554.

స్టేషన్‌కు వెళ్లి కంప్లైంట్ ఇవ్వడం

అత్యవసరం కాదంటే ముఖ్యం కాదని కాదు. నోటితో చెప్పి వచ్చేస్తే ఏమీ జరగదు, రాసి ఇవ్వాలి.

తెల్ల కాగితం మీద "స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి" అని మొదలుపెట్టి మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇల్లు, ఫోన్ నంబరు. తర్వాత తేదీ, సమయం, చోటు. జరిగింది జరిగిన వరుసలో. పోయిన వస్తువుల వివరాలు, సుమారు విలువ. చూసినవాళ్ల పేర్లు. అనుమానం ఉంటే అనుమానమనే రాయండి, నిశ్చయంగా రాయకండి. సంతకం. ఒక పేజీ దాటకుండా చూసుకోండి. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ చెప్పినట్టు రాసిచ్చే ముందు అందులో మీ మాటే ఉందో లేదో చదువుకోండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. రిసీట్ అడగడం తప్పు కాదు, మొహమాటపడకండి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ మీకు చాలా ఇచ్చింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. నెల్లూరులో బస్సెక్కి, ఒంగోలులో దిగాక బ్యాగు కోసి ఉందని చూసుకున్నారు. ఎక్కడ కోశారో ఎవరికి తెలుసు? ఒంగోలులోనే ఇవ్వండి. కందుకూరు లాంటి చోట్ల ఇది మరీ అవసరం. 2022లో ఆ ఊరి జిల్లా మారింది, హద్దులు మారినప్పుడల్లా "ఇది మా పరిధి కాదు" అనే మాట వినాల్సి వస్తుంది. మెయిల్ లాంటి వాటితోనూ కంప్లైంట్ పంపవచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

"విచారించి చెబుతాం" అంటే అన్నిసార్లూ తప్పించుకోవడం కాదు. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసే వీలు చట్టంలోనే ఉంది. ఆ 14 రోజులు లెక్కపెట్టుకోండి.

అసలు తీసుకోనే లేదంటే అదే కంప్లైంట్‌ను స్పీడ్ పోస్టులో ఎస్పీ గారికి పంపండి, రసీదు దాచుకోండి. లేదా సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. దూరం నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే చేరుకోవాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి, లాయరు సాయంతో. కేసు కట్టాక 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులే మీకు చెప్పాలి.

అరవై దాటినవాళ్లను, ఆడవాళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని పిలవకూడదు. ఇంటికే వచ్చి అడగాలి. నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ అని చెప్పండి.

పిల్లలు విదేశాల్లో, అమ్మానాన్న ఇక్కడ

మన రెండు జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు లెక్కలేనన్ని. డల్లాస్‌లో ఉన్న కూతురు వీడియో కాల్‌లో మాట్లాడుతుండగా అమ్మ కింద పడిపోయింది, లేదా కెమెరాలో ఎవరో గోడ దూకారు. ఆమె అక్కడి నుంచి 112 కొడితే మన కంట్రోల్ రూమ్ పలకదు. అందుకని పిల్లల ఫోన్లలో మూడు నంబర్లు ఉండాలి: తాళం చెవి దగ్గరున్న పొరుగింటివాళ్లది, స్టేషన్ ల్యాండ్ లైన్, ఎస్సై గారి ప్రభుత్వ సెల్. ల్యాండ్ లైన్‌కు ముందు +91 పెట్టి, ఎస్‌టీడీ కోడ్‌లోని మొదటి సున్నా తీసేయాలి. నెల్లూరు 0861 కాబట్టి +91 861, ఒంగోలు 08592 కాబట్టి +91 8592. కావలి 08626, కందుకూరు 08598.

పొరుగింటికి మొదటి ఫోన్, వాళ్లను ఇక్కడి నుంచి 112 చేయమనాలి. స్టేషన్‌కు రెండో ఫోన్. సేవ్ చేసిన నంబర్లకు మన పగటిపూట ఒకసారి చేసి, "మా అమ్మానాన్న ఫలానా వీధిలో ఒంటరిగా ఉంటారు" అని ఇంటి గుర్తు చెప్పి రాసుకోమని అడగమనండి. ల్యాండ్ లైన్లు కొన్ని చోట్ల మూగబోయి ఉంటాయి, ఏది మోగుతుందో అప్పుడే తెలిసిపోతుంది.